మధ్యలో దెల్మీరో

బల్బీనా చేతిలోంచి టపా సంచీ నా భుజానికి మారింది 1979 అక్టోబరులో. అప్పటికి ఆమెకు అరవై ఐదేళ్ళు. త్రస్మొంటే చుట్టూ కొండల మీద చెదిరిపడ్డ పదకొండు పల్లెలకు ముప్పై ఎనిమిదేళ్ళపాటు కాలినడకనే ఉత్తరాలు పంచింది. దారి చూపించడానికని రెండు వారాలు నా వెంట వచ్చింది. నా వెంట అనడం మర్యాద కోసమే. నిజానికి ఆమె ముందు నడుస్తుంటే నేను ఆయాసపడుతూ వెనక పరుగెత్తాను. మనిషి పొడుగు, సన్నం. తలకు ఎప్పుడూ నల్ల రుమాలు. నడిచేటప్పుడు నోరు విప్పేది కాదు. ఎక్కడైనా కూలబడినప్పుడు మాత్రం అడిగినదానికి జవాబు చెప్పేది.

ఆ ఉద్యోగం ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. అంతకుముందు వాళ్ళ నాన్న చేసేవాడు. 1941 జనవరిలో ఆయన గడ్డకట్టిన దారి మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బల్బీనా వెళ్ళి ఆయన్ను ఎడ్లబండి మీద ఇంటికి చేర్చి, సంచీ తగిలించుకుని మిగిలిన నాలుగు పల్లెలూ తిరిగి వచ్చింది. మర్నాడు కూడా వెళ్ళింది. సంచీ తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఒక రాతిపనివాడు అడిగాడట. ఆలోచించి చెబుతానన్నదట. ఆమె ఆలోచన తెమిలేలోగా అతను వేరే ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడు. "మంచిదే అయింది, వాడికి నిలకడ లేదు" అనేది.

చదువురాని ఇళ్ళలో ఉత్తరం తనే చదివిపెట్టేది. గడప దాటగానే మరిచిపోయేది, లేదా మరిచిపోయినట్టు ఉండేది. ఎవరి కొడుకు జైల్లో ఉన్నాడో, ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిపోయిందో అన్నీ ఆమె కళ్ళముందు నుంచే పోయాయి. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. అందుకే 1949 ఎండాకాలంలో ఆ మాట పడ్డప్పుడు అది అంత లోతుగా దిగింది.

ఆ మాట అన్నది ఎరుందీనా. బల్బీనా తమ్ముడు దెల్మీరో భార్య. పొట్టిగా, బలంగా, గట్టి గొంతుతో ఉండే మనిషి. నలుగురు చేసే పని ఒక్కతే చేసేది, నలుగురి మాటలూ ఒక్కతే మాట్లాడేది. దెల్మీరో దానికి సరిగ్గా ఎదురు. ఆవులతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి ఆడి ఎరగడు.

గొడవ నీళ్ళది. కొండమీది ఊట నుంచి వచ్చే కాలవ మొదట దెల్మీరో పచ్చికలోకి, తర్వాత కింద ఉన్న బల్బీనా పచ్చికలోకి వచ్చేది. ఏ రోజు ఎవరి వంతన్నది తాతల నాటి లెక్క. ఆ ఏడాది వానలు లేవు. బల్బీనా ఉత్తరాలు పంచి వచ్చేసరికి తన వంతు రోజున నీళ్ళు పైనే తిరిగి ఉన్నాయి. మట్టిపెళ్ళ తీసి కిందికి మళ్ళించింది. ఎరుందీనా మళ్ళీ పైకి మళ్ళించింది. ఇలా నాలుగు రోజులు. ఆ ఆదివారం సంతలో, గుడ్లు అమ్మే ఆడవాళ్ళందరి ముందూ ఎరుందీనా గొంతెత్తింది.

"మా నీళ్ళ సంగతి ఈవిడకి ఒకరు చెప్పాలా? ఊళ్ళో ఉత్తరాలన్నీ ఆవిరి మీద పెట్టి విప్పి చదివే మనిషికి తెలియనిదేముంటుంది!"

బల్బీనా బుట్ట తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మాట మాత్రం సంతలో ఆగలేదు. నెల తిరక్కుండా పై టపా ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, మూడు రోజులపాటు పొద్దున్నే ఆమె సంచీ బల్ల మీద బోర్లించి, ఒక్కో కవరూ వెలుతురుకు పెట్టి చూశారు. నాలుగో రోజు వెళ్ళిపోయారు. తప్పు చేశావనీ అనలేదు, చేయలేదనీ అనలేదు.

అప్పటి నుంచి ఆడపడుచూ మరదలూ మాట్లాడుకోలేదు. తమ్ముడి ఇంటికి వచ్చిన ఉత్తరాలను బల్బీనా గోడ మీద ఒక పలకరాయి కింద పెట్టి వెళ్ళేది. దెల్మీరో వచ్చి తీసుకునేవాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య పలకరింపులు నడిచేవి, వానల గురించి, ఆవుల గురించి. పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి.

1968 ఫిబ్రవరిలో దెల్మీరో రొమ్ము పడిశం పట్టి మూడు రోజుల్లో పోయాడు. అంత్యక్రియల పూజలో ఎరుందీనా ముందు వరసలో కుడివైపు కూర్చుంది, బల్బీనా వెనక వరసలో ఎడమవైపు. ఇంటికి వేర్వేరు దారుల్లో వెళ్ళారు.

తెయిషీదోలో అంద్రేయ పునీతుడి గుడికి బతికుండగా వెళ్ళనివాడు చచ్చాకైనా వెళ్ళాల్సిందే. బల్లిగానో కప్పగానో కొండలన్నీ పాక్కుంటూ పోవాలి, లేదంటే సొంతవాళ్ళు పిలిచి వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. దెల్మీరో వెళ్ళలేదు. ప్రతి ఏడూ వచ్చే ఏడు అనేవాడు. ఆగస్టులో అతను ఎరుందీనాకి కలలో కనపడ్డం మొదలుపెట్టాడు. తడిసిన కాళ్ళతో, చెప్పుల్లేకుండా, గడప అవతల నిలబడి ఉండేవాడట. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు, ఏం కావాలంటే చెప్పేవాడు కాదు.

"బతికుండగా కూడా అంతే కదా, అడిగితే చెప్పడు" అంది ఎరుందీనా నాతో, ఈ కథ చెబుతూ. "కానీ కలలో పాదాలు చూసి భయమేసింది."

తను ఒక్కతీ పిలిస్తే రాడేమోనని ఆమె అనుమానం. రక్తం పంచుకున్నవాళ్ళు పిలిస్తేనే ఆత్మ కదులుతుందని వాళ్ళమ్మ చెప్పేదట. రక్తం పంచుకున్నది బల్బీనా ఒక్కతే. పైగా ఆ కొండదారి ఆమెకు కంఠతా వచ్చు. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులవాళ్ళు తమ పోయినవాళ్ళను తామే పిలిచి, తోడుకెళ్ళమని ఆమెను పంపేవాళ్ళు. అప్పటికే ఐదుసార్లు వెళ్ళి వచ్చింది.

ఎరుందీనా ఇంటికి వెళ్ళి అడగలేకపోయింది. బడి టీచరమ్మ చేత ఉత్తరం రాయించి, బిళ్ళ అంటించి టపా పెట్టెలో వేసింది. మర్నాడు పొద్దున సంచీ సర్దుకుంటుంటే బల్బీనాకి తన పేరుతో ఉన్న కవరు దొరికింది. విప్పలేదు. వరసలో పెట్టుకుంది. పదకొండు పల్లెలూ తిరిగింది. చివరి ఇల్లు తనది. ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, కూర్చుని అప్పుడు చదువుకుంది.

"దారిలో ఎందుకు చదవలేదు? నీ ఉత్తరమేగా?" అని అడిగాను.

"బట్వాడా కాలేదుగా ఇంకా" అంది.

జవాబు కూడా బిళ్ళ అంటించే పంపింది. పలకరాయి కింద పెట్టింది. అందులో రెండే ముక్కలు: గురువారం. తెల్లవారగానే.

సోమవారం సాయంత్రం ఇద్దరూ సమాధుల తోటలో కలిశారు. కలిశారంటే సమాధికి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు నిలబడ్డారు. ముందు బల్బీనా వంగి రాతి మీద అరచెయ్యి పెట్టింది.

"ఒరే దెల్మీరో, గురువారం పొద్దున అంద్రేయ పునీతుడి దగ్గరికి పోతున్నాం. మాతో రా. నీ పెళ్ళాం కూడా వస్తోంది. దానికి నేనేం చెయ్యలేను."

ఎరుందీనా కూడా చెయ్యి పెట్టింది. "విన్నావుగా, మీ అక్క నోరు ఎలా ఉండేదో అలాగే ఉంది. అయినా సరే, రావయ్యా. కాస్త కాళ్ళు తుడుచుకుని రా."

ఆ నాలుగు మాటలతోనే పద్ధతి ఏర్పడిపోయింది. ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు, ఇద్దరూ అనుకోలేదు. గురువారం తెల్లవారుజామున వంతెన దగ్గర కలుసుకుని, నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడవటం మొదలుపెట్టారు. ఏం చెప్పాలన్నా ఆ ఖాళీకే చెప్పారు.

ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దారి. మొదటి గంటలోనే బల్బీనా ముందుకు పోయి ఆగాల్సి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, నీ పెళ్ళానికి చెప్పు. ఇది పెళ్ళి ఊరేగింపు కాదు. ఇలా నడిస్తే మనం చేరేసరికి ఫాదరు గుడి తలుపులు వేసుకుని భోంచేస్తుంటాడు."

"దెల్మీరో, మీ అక్కతో చెప్పు. తరమడానికి మనం గొర్రెలం కాదు. కొత్త బూట్లు, కాస్త కరుస్తున్నాయి."

"కొత్త బూట్లేసుకుని కొండెక్కే తెలివి ఎవరిచ్చార్రా దానికి?"

"పునీతుడి దగ్గరికి పాతవేసుకుని పోతే బాగుంటుందా, అడుగు."

మాట్లాడక మాట్లాడక ఉన్నవాళ్ళు, ఒకసారి దారి దొరికేసరికి ఆపుకోలేకపోయారు. దారిపొడుగునా అదే పని. మొక్కజొన్న ఈసారి ఎలా వచ్చిందో, పాలు పోసే కుర్రది ఎవరిని చేసుకుందో, గాదె కప్పు ఎవరు బాగుచేశారో, అన్నీ దెల్మీరోకే చెప్పారు. అతను ఏడు నెలలుగా ఊళ్ళో లేడు కాబట్టి చెప్పడం సబబే.

ఒక ఇరుకు దారిలో కలప బండి ఎదురొచ్చింది. బండివాడు ముసలాయన. ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీ చూసి టోపీ తీశాడు.

"ఎవరిని తీసుకెళ్తున్నారమ్మా?"

"మా తమ్ముణ్ణి" అంది బల్బీనా.

"మా ఆయన్ని" అంది ఎరుందీనా, అదే ఊపిరిలో.

"ఇద్దరినా?"

"ఒక్కణ్ణే" అన్నారు ఇద్దరూ.

ముసలాయన ఎడ్లను పొదల్లోకి బాగా తోసి, ముగ్గురు పక్కపక్కన పట్టేంత దారి ఇచ్చాడు.

దారిలో రాళ్ళకుప్పలు వచ్చిన చోటల్లా తలా ఒక రాయి వేశారు. దెల్మీరో రాయి ఎరుందీనా వేసింది. తీర్పు రోజున ఆ రాళ్ళే నోరు విప్పి ఎవరెవరు వచ్చారో సాక్ష్యం చెబుతాయి.

మధ్యాహ్నానికి పోర్తో దో కాబో ఊరు దాటి, కపెలాదా కొండ ఎక్కుడు మొదలయ్యే చోట వాగు పక్కన కూర్చున్నారు. ఎరుందీనా గుడ్డ పరిచి మూడు వాటాలు పెట్టింది. మొక్కజొన్న రొట్టె, పందికొవ్వు ముక్క, గుడ్లూ బంగాళాదుంపలూ వేసి కాల్చిన మందపాటి అట్టు. మొగుడి వాటా ముందు అతని చాకు పెట్టింది. బల్బీనా అట్టు తుంచి చూసింది.

"ఒరే, ఇందులో ఉల్లిపాయ వేసిందిరా నీ పెళ్ళాం. చిన్నప్పటినుంచీ ఉల్లిపాయ వాసనకే కంచం వదిలి లేచిపోయేవాడివి. ఇన్నేళ్ళూ ఎలా మింగావురా?"

ఎరుందీనా చెయ్యి ఆగింది. "దెల్మీరో, మీ అక్కతో చెప్పు. ఇరవై నాలుగేళ్ళు ఇదే అట్టు తిన్నావు. ఏనాడూ వద్దనలేదు. బాగుందనే అన్నావు."

"వాడంతే. ఎదుటివాళ్ళకి ఏది వినాలని ఉంటే అదే చెబుతాడు" అంది బల్బీనా వాగుకేసి చూస్తూ.

కాసేపు తిన్నారు. తర్వాత ఎరుందీనా, నెమ్మదిగా, ఆ చాకుతోనే మాట్లాడుతున్నట్టు అంది.

"దెల్మీరో, ఒకటి అడుగు మీ అక్కని. ఆ ఇద్దరు పెద్దమనుషులూ వచ్చి సంచీ సోదా చేసి వెళ్ళాక, ఆ వారంలోనే నీ చేతికి చీజు గుడ్డలో చుట్టి ఇచ్చాను. మా ఎర్రావు పాలది. నోరు జారాను, తప్పైపోయిందని చెప్పమన్నాను. తీసుకోలేదుగా? నా ముఖానే కొట్టమని పంపిందిగా? నువ్వే కదా వచ్చి చెప్పావు?"

బల్బీనా నములుతున్నది ఆపేసింది.

"ఒరే దెల్మీరో. ఏ చీజురా?"

"రెండు చేతులా పట్టేంత ఉంటుంది."

"చీజు తెచ్చావట్రా నువ్వు నాకు? ఏ రోజు తెచ్చావు? నువ్వు తెచ్చింది ఒక్కటేరా. 'అక్కా, మా ఇంటి గడప తొక్కితే కుక్కని వదులుతానంటోంది' అని. అదీ నువ్వు తెచ్చింది."

"నేనా? కుక్కనా?" ఎరుందీనా లేచి నిలబడింది. "అయ్యా దెల్మీరో, ఆ మాట నేనెప్పుడన్నాను?"

"నేను కూడా కబురు పెట్టాను. సంతలో అన్నమాట సంతలోనే వెనక్కి తీసుకుంటే మరిచిపోతానని చెప్పమన్నాను. రెండుసార్లు పెట్టాను. చెప్పావట్రా?"

"చెప్పలేదు" అంది ఎరుందీనా. ఆ మాట ఎవరికి చెప్పిందో తెలియదు.

దెల్మీరో అలా ఎందుకు చేశాడన్నది ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేకపోయారు. ఇద్దరూ మాట్లాడుకుంటే ఇంట్లో మళ్ళీ నీళ్ళ గొడవ లేస్తుందని భయపడి ఉండవచ్చు. మొదట ఒక చిన్న అబద్ధం ఆడి, దాన్ని కప్పడానికి పందొమ్మిదేళ్ళు ఆడుతూ పోయి ఉండవచ్చు. చెడ్డవాడని ఇద్దరూ అనలేదు. ఆ చీజు ఏమైందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఎరుందీనా గుడ్డ దులిపి మూట కట్టింది. చాకు జేబులో వేసుకుంది. వచ్చిన దారివైపు తిరిగింది.

"దెల్మీరో, నువ్విక్కడే ఉండు. నేను ఇంటికి పోతున్నా. మిగతా దారి నువ్వే పాక్కుంటూ పో. నీకు బాగా చేతనవునుగా, చప్పుడు కాకుండా పోవడం."

బల్బీనా కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

"ఒరే, నీ పెళ్ళానికి చెప్పు. ఒప్పుకుని చేతికి తీసుకున్నదాన్ని చిరునామాకి చేర్చాలి. లోపల ఏముందో నాకనవసరం. దారిలో పారేసి పోవడం నా ఉద్యోగంలో లేదు. అది రాకపోతే నేనొక్కదాన్నే తీసుకుపోతాను."

ఆ తర్వాత లేచి సంచీ తగిలించుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కొంతసేపటికి వెనక కొత్త బూట్ల చప్పుడు వినపడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎక్కుడంతా మాట లేదు. దారిలో ఆత్మను తిట్టకూడదు. తిడితే అలిగి వెనక్కి వస్తుంది, వచ్చిందంటే ఇక ఇల్లు వదలదు. ఇద్దరికీ నోట్లో తిట్లు తప్ప ఏమీ లేవు కాబట్టి నోరు మూసుకోవలసి వచ్చింది. పైకి వెళ్ళాక ఎండ కాచింది. ముళ్ళపొదల మధ్య కొండగుర్రాలు మేస్తున్నాయి. దారి నడుమ రాతి మీద ఒక బల్లి, పచ్చగా, వేలెడంత, ఎండ కాచుకుంటోంది. ఈ దారిలో బల్లిని తొక్కకూడదు, ఎవరో తెలియదు. ఎరుందీనా చేతికర్ర నేలకు ఆనించి నిలబడిపోయింది.

"దెల్మీరో, అది నువ్వే అయితే పక్కకి తప్పుకో. ఇవాళ నా కర్ర మీద నాకు నమ్మకం లేదు."

బల్లి తల ఎత్తి చూసి పొదలోకి దూరింది. బల్బీనా ముఖం అటు తిప్పుకుంది. నవ్విందని ఎరుందీనా అనేది. దగ్గానని బల్బీనా అనేది.

సాయంత్రం పూజ గంట కొట్టే వేళకు గుడి చేరారు. సముద్రానికి ఎత్తున, గాలికి నిలబడ్డ చిన్న రాతిగుడి. ఇద్దరూ కలిసి ఒకే కొవ్వొత్తి కొన్నారు. బల్బీనా దాన్ని వెలిగించి నిలబెట్టి, "అంద్రేయ పునీతా, ఇదిగో మా దెల్మీరో. దారిలో ఏమీ తగ్గలేదు" అని చెప్పి బయటికి వచ్చేసింది. ఎరుందీనా లోపలే ఉండిపోయింది.

తిట్టకూడదన్న నియమం దారికే. చేర్చాక లేదు. ఆమె పునీతుడి బొమ్మ ముందు మోకరించి, గుసగుసగా, పూజ అయిపోయి జనం వెళ్ళిపోయాక కూడా, మొగుడితో మాట్లాడుతూనే ఉంది. చివరికి గుడి కాపలా అతను వచ్చి, "అమ్మా, ప్రార్థన రేపు చేసుకోవచ్చు" అన్నాడు. "ఇది ప్రార్థన కాదు నాయనా, ఇంకొంచెమే ఉంది" అందట. ఏమేం తిట్టిందో నాకు చెప్పలేదు.

ఆ రాత్రి ఒక విధవరాలి ఇంట్లో పడుకున్నారు. ఒకే మంచం ఇచ్చింది. పొద్దున్నే మూడు ధారల ఊట దగ్గర నీళ్ళు తాగారు. ఎరుందీనా ఆచారం ప్రకారం ఏదో కోరుకుని రొట్టెముక్క నీళ్ళలో వేసింది, తేలితే కోరిక తీరినట్టే. తేలింది. ఏం కోరుకుందో మరిచిపోయానని నాతో అంది. బల్బీనా తన రొట్టె తినేసింది.

తిరుగుదారిలో మధ్యన ఎవరూ లేరు. ఆ సంగతి బయల్దేరాక గాని తెలిసిరాలేదు. ఎరుందీనా అలవాటుకొద్దీ "దెల్మీరో, మీ అక్కతో..." అని మొదలుపెట్టి, ఆగిపోయింది. అతను వెనక గుడిలో ఉన్నాడు. చెప్పదలుచుకున్నది గొంతులోనే ఉండిపోయింది. బల్బీనాకీ అంతే. పందొమ్మిదేళ్ళ మౌనం ఏమీ కష్టం అనిపించలేదు గానీ, ఒకరోజు మాట్లాడాక వచ్చిన ఆ మౌనం మాత్రం బరువుగా ఉందని బల్బీనా ఒప్పుకుంది.

కొండ మీదికి వచ్చేసరికి పొగమంచు కమ్మింది. కపెలాదా మీద పొగమంచంటే చాచిన చెయ్యి కనపడదు, ఒక పక్కన సముద్రం మీది కొండచరియ. బల్బీనా ముందు నడుస్తూ, ప్రతి యాభై అడుగులకూ ఆగి, వెనక్కి తిరగకుండా, బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా నిలబడి, మళ్ళీ నడిచింది. ఒకచోట చప్పుడు రాలేదు. నిలబడింది. ఎంతసేపటికీ రాలేదు. వెనక్కి వెళ్ళింది. ఎరుందీనా రాళ్ళకుప్ప పక్కన కూలబడి ఉంది. రెండు మడమలూ చీరుకుపోయి మేజోళ్ళు రక్తంతో అంటుకుపోయాయి.

ముందు ఎవరు మాట్లాడారన్న దగ్గరే వాళ్ళిద్దరి కథా వేరవుతుంది. బల్బీనానే అని ఎరుందీనా చనిపోయేదాకా వాదించింది. "అది ముందు 'అమ్మా' అంది, అది మాట కిందకి రాదా?" అని బల్బీనా వాదన. నేను ఎటూ చెప్పలేను. బల్బీనా అన్నది మాత్రం ఇది:

"ఎరుందీనా, బూట్లు విప్పు."

విప్పింది. బల్బీనా సంచీలోంచి పందికొవ్వు డబ్బా తీసి మడమలకు రాసింది. టపావాళ్ళు అందరూ పెట్టుకునే డబ్బా అది, నా దగ్గరా ఉంది. తన ఉన్ని మేజోళ్ళు విప్పి ఆమెకు తొడిగింది. తాను బూట్లలో వట్టి కాళ్ళే పెట్టుకుంది.

"వదినా, ఆ రోజు సంతలో నేనన్నది..."

"తెలుసు."

"పూర్తిగా చెప్పనీ."

"నాకు చెప్పి ఏం లాభం? నేను విప్పలేదని నాకు తెలుసుగా. ఎక్కడన్నావో అక్కడ చెప్పు. లే, మంచు ఇంకా చిక్కనవుతుంది."

"చెయ్యివ్వు మరి."

ఇచ్చింది. కొండ దిగేదాకా పట్టుకునే ఉన్నారు, పొగమంచు వల్ల.

ఎరుందీనా ఆ పని చేసింది. ఆ నెల సంతలో గుడ్ల బుట్టల మధ్య నిలబడి, అదే గొంతుతో, "1949లో నేను మా వదిన ఉత్తరాలు విప్పి చదువుతుందని అన్నాను. అబద్ధం. కోపంతో అన్నాను" అని అందరికీ వినిపించేలా చెప్పింది. అప్పట్లో విన్నవాళ్ళలో సగం మంది ఈలోగా చచ్చిపోయారు. మిగతావాళ్ళకు గుర్తు లేదు. "ఏ ఉత్తరాలు?" అని ఒకరినొకరు అడుక్కున్నారు. గుర్తున్నది ఒక్క సెకుందీనోకే, వైన్ కొట్టు ముసలాయనకి. గడప మీదికి వచ్చి నిలబడి, "అంటే విప్పలేదా? నేను ఇన్నాళ్ళూ విప్పిందనే అనుకున్నాను" అన్నాడు. "విప్పినా తప్పు లేదులే, నేనైతే విప్పేవాణ్ణి" అని కూడా అన్నాడు.

బల్బీనా అక్కడే వెల్లుల్లి బేరం చేస్తోంది. బేరం ఆపలేదు.

దీంతో ఇద్దరూ ఒక్కటైపోయారని అనుకుంటే పొరపాటు. నీళ్ళ గొడవ అలాగే ఉంది. తేడా ఏమిటంటే ఇప్పుడు ఎదురెదురుగా నిలబడి అరుచుకునేవాళ్ళు, కాలవ గట్టు మీద, అవతలి కొండకు వినిపించేలా. "నీ కళ్ళు గడియారం చూడలేవా?" "నీ గడియారం నీ మెదడులాగే ముందు పరిగెడుతుంది!" సాయంత్రానికి ఎరుందీనా పాలచెంబు తీసుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళేది. కొన్నేళ్ళకు ఇద్దరి పచ్చికల్లోనూ నీలగిరి చెట్లు వేశారు. ఆ చెట్లు ఊటనే తాగేశాయి. కాలవ ఎండిపోయింది, తగువు పడటానికి నీళ్ళు మిగల్లేదు.

నేను దారి నేర్చుకున్న రెండు వారాల్లో ఒక మధ్యాహ్నం, ఏదో ఇంటి అరుగు మీద ఆమెను అడిగాను, తమ్ముడి మీద కోపం పోయిందా అని. రొట్టె నమిలి మింగాక చెప్పింది.

"వాడు మంచివాడే. ఆవులకి, నాకు, దానికి, అందరికీ. కానీ టపాకి పనికిరాడు."

ఉద్యోగం మానేశాక ఆమె పన్నెండేళ్ళు బతికింది. మొదట్లో పొద్దున ఏడింటికి వంతెన దాకా వచ్చి నిలబడేది, నేను సంచీ సరిగ్గా కట్టుకున్నానో లేదో చూడటానికి. పట్టీ జారిందని రెండుసార్లు వెనక్కి పిలిచింది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి, రావడం మానేసింది. ఎరుందీనా రోజూ వెళ్ళి పొయ్యి వెలిగించేది, సూపు కాచేది. ఇద్దరూ రేడియో వినేవాళ్ళు. ఒకరికి చెవుడు వచ్చింది, ఒకరికి చప్పుడు పడేది కాదు. రేడియో గొంతు గురించి వాళ్ళు పోట్లాడుకోవడం దారిలో నాకు వినిపించేది.

1991 మార్చిలో ఒక మంగళవారం బల్బీనా పోయింది. ఎరుందీనా ఒళ్ళు కడిగి, తెల్లారి గుడి గంట కొట్టించింది. బల్బీనాని తెయిషీదోకి ఎవరూ తోడుకెళ్ళాల్సిన పని లేదు. మొత్తం ఎనిమిదిసార్లు తన కాళ్ళ మీదే వెళ్ళి వచ్చింది. సమాధి దగ్గర వాన పడింది. జనం పెద్దగా లేరు. పై పల్లెల నుంచి ముసలివాళ్ళు కొందరు, వాళ్ళ ఉత్తరాలు ఆమె చదివిపెట్టినవాళ్ళు, గొడుగులతో నడిచి వచ్చారు. వాళ్ళలో ఎవరూ ఏ ఉత్తరం సంగతీ ఎత్తలేదు. నేను కాసేపుండి, ఆ రోజు టపా ఇంకా ఆరు పల్లెలు మిగిలి ఉంటే అటు వెళ్ళాను.